మద్దిచెట్టు మీద దారం, నెత్తుటిలో దారం

దసలి పట్టుపురుగుకు తొందర ఉండదు. కాయ కట్టే వేళకు తిండి మానేస్తుంది, కొమ్మ వెంట అటూ ఇటూ తిరిగి ఒక పుల్లను ఎంచుకుంటుంది. రెండు మూడు ఆకులను దారంతో దగ్గరకు లాగి చాటు చేసుకుంటుంది. పుల్ల చుట్టూ మళ్లీ మళ్లీ చుట్టి గట్టి ఉంగరం ఒకటి కడుతుంది. ఆ ఉంగరం నుంచి ఒక కాడ కిందికి దింపుతుంది. ఈ ఏర్పాట్లన్నీ అయ్యాకే ఆకుల చాటున అసలు కాయ పని మొదలు. ఆకులు ఎండి రాలిపోయినా కాయ రాలదు, ఉంగరం పుల్లను వదలదు.

గోదావరికి ఉత్తరాన చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి అడవుల్లోనూ, దక్షిణాన మహదేవపూర్ వైపునా ఈ పురుగును పెంచుతారు. పాత లెక్కలో ఒకటి ఆదిలాబాద్ జిల్లా, ఇంకొకటి కరీంనగర్ జిల్లా. 2016 నుంచి మంచిర్యాల, జయశంకర్ భూపాలపల్లి. మల్బరీ పురుగు ఇంట్లో తట్టల్లో పెరుగుతుంది. దసలి పురుగు అలా కాదు, తెల్లమద్ది, నల్లమద్ది చెట్ల మీద ఎండకూ వానకూ పెరగాల్సిందే. పిట్టలు, చీమలు, కందిరీగలు కాచుకుని ఉంటాయి. పురుగు చెట్టు మీదున్నన్నాళ్లూ రైతు చెట్టు కిందే. దీని శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా. ఈ అడవుల్లో దొరికే రకానికి పట్టు శాస్త్రవేత్తల రికార్డుల్లో 'ఆంధ్ర లోకల్' అని పేరు. రాష్ట్రం విడిపోయింది గానీ పురుగు పేరు ఎవరూ మార్చలేదు.

ఈ పురుగు కడుపులో దారం ఉండదు. చుట్ట చుట్టి దాచిన దారాన్ని అది బయటికి తీస్తున్నట్టు మనకు కనిపిస్తుందంతే. లోపల ఉన్నది ద్రవం. ఒంటి పొడవునా మెలికలు తిరిగిన రెండు గ్రంథుల్లో, చిక్కగా, జిగటగా, ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్ నీళ్లలో కలిసి ఉంటుంది. మల్బరీ పురుగులో కొలిస్తే ఆ ద్రవంలో పాతిక శాతం పైచిలుకు ప్రోటీనే. మామూలు ప్రోటీన్లను పరీక్షనాళికలో ఇంత చిక్కగా ఉంచాలంటే కష్టం. కాసేపటికి అతుక్కుపోయి ముద్ద కడతాయి. పట్టుపురుగు మాత్రం రోజుల తరబడి దాన్ని ద్రవంగానే మోసుకు తిరుగుతుంది. నోటి దగ్గరున్న సన్నని రంధ్రం దాటేసరికి అదే ద్రవం నీళ్లలో ఉడికించినా కరగని దారమవుతుంది. మధ్యలో కొలిమి లేదు, ఘాటైన రసాయనాలు లేవు, యంత్రం లేదు. అణువులు వాటంతట అవే వరుసకట్టాయి.

శాస్త్రవేత్తలు దీన్ని స్వయం కూర్పు అంటారు. పట్టు గురించి రాసేవాళ్లు సాధారణంగా దాని బలాన్ని మెచ్చుకుని ఆగిపోతారు. అందులో తప్పులేదు కానీ, నాకు అంతకన్నా గొప్పగా తోచేది పురుగు చూపే నిగ్రహం. ఫైబ్రోయిన్ లాంటి అణువులు వరుసకట్టడంలో వింతేమీ లేదు, అవకాశం దొరికితే కట్టేస్తాయి. వేళకాని వేళ కట్టకుండా ఆపడమే పురుగు నేర్చిన విద్య. కడుపులోనే ఆ ద్రవం గట్టిపడితే దారమూ లేదు, పురుగూ లేదు.

ఆ నిగ్రహం అణువు రాతలోనే మొదలవుతుంది. ప్రోటీన్ అంటే అమినో ఆమ్లాల గొలుసు. మల్బరీ ఫైబ్రోయిన్ పెద్ద గొలుసులో 5,000కు పైగా అమినో ఆమ్లాలుంటాయి. గ్లైసిన్, అలనీన్ ఒకదాని పక్కన ఒకటి వచ్చే పాఠమే అందులో ఎక్కువ. దసలి గొలుసు పాఠం వేరు. దాంట్లో అలనీన్లు పన్నెండు, పదమూడు ఏకబిగిన వస్తాయి, తర్వాత గ్లైసిన్ ఎక్కువున్న వదులు భాగం, మళ్లీ అలనీన్ల వరుస. అలనీన్‌కు నీళ్లంటే అంతగా పడదు. గొలుసు కొసల్లో మాత్రం నీటితో కలిసిపోయే, విద్యుదావేశం ఉన్న అమినో ఆమ్లాలుంటాయి. గ్రంథి వెనక భాగంలో ఆమ్లత్వం తక్కువ. అక్కడ ఒకే రకం ఆవేశమున్న ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గొలుసులు దూరదూరంగా ఉంటాయి. దసలికి దగ్గరి చుట్టమైన చైనా ఓక్ పట్టుపురుగులో చూస్తే, ద్రవంలో ఉన్నంతసేపూ ఆ అలనీన్ వరుసలు సుడి తిరిగి ముడుచుకుని ఉంటాయని తేలింది. ముడుచుకున్న వరుస పక్క గొలుసుతో చేయి కలపలేదు.

గ్రంథిలో ముందుకు వచ్చేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. మల్బరీ పురుగులో పీహెచ్ 8 పైనుంచి 6 దగ్గరికి దిగుతుందని కొలిచారు. నెట్టుకునే ఆవేశాలు సద్దుమణుగుతాయి. లవణాల పాళ్లు మారతాయి, నీరు తగ్గుతుంది. నాళం సన్నబడుతూ పోతుంది కాబట్టి ప్రవాహంలో చిక్కిన పొడుగు అణువులు ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఇక చివరి పని లాగడం. పురుగు దారాన్ని బయటికి నెట్టదు. కొసను పుల్లకో ఆకుకో అతికించి, తలను ఎనిమిది అంకె ఆకారంలో ఊపుతుంది. ఆ ఊపే దారాన్ని లాగుతుంది. ఆ లాగుడుకు ముడుచుకున్న అలనీన్ వరుసలు చాచుకుంటాయి. చాచుకున్న గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. అలా ఒక ముడతల పలక తయారవుతుంది, పలక మీద పలక చేరి కొన్ని నానోమీటర్ల స్ఫటికం అవుతుంది. వదులు భాగాలు స్ఫటికాల మధ్య సాగుడును ఇస్తాయి. బలం స్ఫటికానిది, సాగడం వదులు భాగానిది.

ఎంత వేగంగా లాగితే దారం ఎలా ఉంటుందో ఆక్స్‌ఫర్డ్‌లో ఝెంగ్‌ఝోంగ్ షావ్, ఫ్రిట్జ్ వోల్‌రాత్ 2002లో చేసి చూపించారు. మల్బరీ పురుగు నోటి నుంచి దారాన్ని వాళ్లే లాగారు. వేగంగా లాగితే దారం మరింత బలంగా, కానీ సాగుడు తక్కువగా వచ్చింది. నెమ్మదిగా లాగితే బలం తగ్గి సాగుడు పెరిగింది. ద్రవం ఒకటే, అణువు ఒకటే. మారిందల్లా వరుసకట్టడానికి దొరికిన సమయం, తగిలిన లాగుడు.

ఈ అమరిక ఎంత గట్టిదో చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. దసలి కాయను సోడా వేసిన నీళ్లలో ఉడికిస్తారు. పోగుల చుట్టూ ఉన్న జిగురు సెరిసిన్. అదీ ప్రోటీనే, అదే పురుగుదే. దానికి ఇంత క్రమమైన స్ఫటికాలు లేవు కనుక అది మెత్తబడి వదులుతుంది. లోపలి ఫైబ్రోయిన్ అదే మరుగుతున్న నీళ్లలో చెక్కుచెదరదు, ఆ తర్వాత మగ్గానికి ఎక్కుతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. ప్రపంచంలో ఏదైనా వదిలేస్తే చెల్లాచెదురవుతుందని కదా చదువుకున్నాం, మరి ఈ అణువులు ఎవరూ సర్దకుండా ఎలా సర్దుకుంటున్నాయి? సమాధానం నీటిలో ఉంది. నీళ్లంటే పడని అణుభాగం నీటిలో ఉన్నప్పుడు దాని చుట్టూ నీటి అణువులు ఒక పద్ధతిలో కట్టుబడి నిలబడాల్సి వస్తుంది. అలాంటి రెండు భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటే, మధ్యలో చిక్కుకున్న నీటి అణువులు విడుదలై ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. ప్రోటీన్ వైపు క్రమం పెరిగింది, నీటి వైపు అంతకన్నా ఎక్కువ అక్రమం పెరిగింది. మొత్తం లెక్కలో ప్రకృతి నియమం తప్పలేదు.

పట్టులోని ఈ పలకల నిర్మాణాన్ని ఎక్స్-రేలతో తేల్చినవాళ్లలో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ ఒకరు. ముడతల పలక నమూనాను పాలింగ్, రాబర్ట్ కోరీ 1951లో ప్రతిపాదించారు. 1955లో రిచర్డ్ మార్ష్‌తో కలిసి మల్బరీ పట్టు మీద ఒక పత్రం, దసలి కుటుంబానికి చెందిన టస్సార్ పట్టు మీద విడిగా మరో పత్రం రాశారు. అలనీన్లు ఎక్కువ కాబట్టి టస్సార్‌లో పలకలు పేర్చుకునే తీరు మల్బరీకి భిన్నమని అప్పుడే చెప్పారు. ఆ తర్వాత చాలా కాలానికి హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం అడవి పట్టుపురుగుల జన్యు సమాచారాన్ని పోగుచేసి అందరికీ అందుబాటులో పెట్టింది.

పాలింగ్ పట్టు కన్నా ముందే ఇంకో ప్రోటీన్ మీద చేయి వేశాడు. ఆ కథ కూడా ఆదిలాబాద్ అడవులకే వస్తుంది, ఈసారి చెట్టు మీదికి కాదు, మనుషుల నెత్తుటిలోకి.

1949లో పాలింగ్, హార్వే ఇటానో, మరో ఇద్దరు సహచరులు సికిల్ సెల్ (కొడవలి కణ) రోగుల రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో మామూలు హిమోగ్లోబిన్‌లా కదలడం లేదని చూపించారు. ఒక జబ్బుకు మూలం ఒక అణువులో ఉందని రుజువు కావడం అదే మొదలు. 1956-57లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ తేడాను మరింత దగ్గరగా పట్టుకున్నాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమినో ఆమ్లాలుంటే, ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది, వాలీన్ ఉంది. గ్లుటామిక్ ఆమ్లం నీటిలో ఇమిడిపోయేది, వాలీన్ నీళ్లంటే పడనిది. అంతే తేడా.

మన దేశంలో ఈ లక్షణాన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. తర్వాత మధ్య భారతమంతటా కనిపించింది: ఛత్తీస్‌గఢ్, విదర్భ, ఒడిశా, మన వైపు ఆదిలాబాద్ ఏజెన్సీలోని గోండులు, పరధానులు, కొలాములు. మలేరియా ఉన్న అడవి పట్టీలోనే ఇది నిలదొక్కుకోవడానికి కారణం ఉంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఈ జన్యువు వచ్చినవాళ్లకు సాధారణంగా జబ్బు ఉండదు, పైగా ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఇలా ఒక్క జన్యువునే మోసేవాళ్లు క్యారియర్లు. ఇద్దరూ క్యారియర్లయిన దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ ఆ ప్రమాదం నాలుగింట ఒక వంతు.

ఒక ఎర్ర రక్తకణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. ఇంత చిక్కగా ఉన్నా మామూలు హిమోగ్లోబిన్ అతుక్కోదు. సికిల్ హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్ మోస్తున్నంతసేపూ అతుక్కోదు. కండరాలకు ఆక్సిజన్ ఇచ్చేశాక అణువు ఆకారం కొద్దిగా మారుతుంది. అప్పుడు బీటా గొలుసు మీద ఒక చిన్న గుంట బయటపడుతుంది. అదీ నీళ్లంటే పడనిదే. పక్క అణువు తాలూకు వాలీన్ సరిగ్గా ఆ గుంటలో కూర్చుంటుంది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. పోగు తయారవుతుంది, పోగులు జంటలు కడతాయి, ఏడు జంటలు అంటే పద్నాలుగు పోగులు పురితిరిగి సుమారు 21 నానోమీటర్ల మందం ఉన్న తంతువు అవుతుంది. తంతువులన్నీ ఒకే దిక్కుకు బారులు తీరి కణం పొరను లోపలి నుంచి తోస్తాయి. గుండ్రటి మెత్తటి కణం కొడవలిలా వంగి బిగుసుకుపోతుంది. తన వెడల్పుకన్నా సన్నని కేశనాళికలోకి వంగి దూరాల్సిన కణం ఇప్పుడు వంగదు. రక్తం ఆగుతుంది, ఎముకల్లో, కడుపులో భరించలేని నొప్పి పుడుతుంది.

ఇంత చక్కని అమరికే ఇక్కడ జబ్బు. కణంలో ఏదీ చెదిరిపోలేదు. చెదిరి ఉండాల్సినవి వరుసకట్టాయి.

పట్టుపురుగుకు ఆమ్లత్వం, లవణాలు, నాళం, తల ఊపు అన్నీ ఉన్నాయి, ఎర్ర రక్తకణానికి ఆ పగ్గాలేవీ లేవు. అయినా సికిల్ సెల్ ఉన్నవాళ్ల కణాల్లో చాలా భాగం ప్రతి చుట్టులోనూ కొడవళ్లుగా మారకుండానే ఊపిరితిత్తులకు తిరిగివస్తున్నాయి. వాటిని కాపాడేది ఆలస్యం. 1974లో అమెరికాలోని బెథెస్డాలో జేమ్స్ హాఫ్రిక్టర్, ఫిలిప్ రాస్, విలియమ్ ఈటన్ గమనించింది ఇదే. ఆక్సిజన్ లేని సికిల్ హిమోగ్లోబిన్ ద్రావణం వెంటనే గడ్డకట్టదు. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత ఉన్నట్టుండి మొత్తం బిగుస్తుంది. మొదట నాలుగైదు అణువులు కలవడమే కష్టం, కలిసీ విడిపోతుంటాయి. పాలలో తోడు పడ్డట్టు ఒక బీజం నిలిచిందంటే మాత్రం మిగతావి దానికి చకచకా తగులుకుంటాయి. తర్వాత 1985లో ఫ్రాంక్ ఫెరోన్, హాఫ్రిక్టర్, ఈటన్ ఇంకో మెలిక చెప్పారు. కొత్త తంతువులు పాత తంతువుల ఒంటి మీదే పుడతాయి, అందుకే ఒకటి పదై, పది వందై అంత హఠాత్తుగా కమ్ముకుంటాయి.

ఈ ఆలస్యం హిమోగ్లోబిన్ గాఢత మీద ఆధారపడే తీరు వింటే నమ్మబుద్ధి కాదు. మామూలు రసాయన చర్యల్లో గాఢతను రెట్టింపు చేస్తే వేగం రెండు రెట్లో నాలుగు రెట్లో పెరుగుతుంది. ఇక్కడ వేగం గాఢతకు దాదాపు ముప్పయ్యో ఘాతంలో పెరుగుతుంది. లెక్కవేసి చూడండి: గాఢత 5 శాతం తగ్గితే ఆలస్యం దాదాపు ఐదు రెట్లవుతుంది, 10 శాతం తగ్గితే ఇరవై రెట్లు దాటుతుంది. కణం కేశనాళికను దాటడానికి పట్టేది ఒక సెకను అటూ ఇటూ. బీజం పడడానికి అంతకన్నా ఎక్కువ సేపు పడితే కణం గండం గడిచినట్టే.

డాక్టర్లు ఈ జబ్బున్న పిల్లలకు 'నీళ్లు బాగా తాగాలి' అని చెప్పేది మొక్కుబడి సలహా కాదు. మే నెలలో ఎండకు ఒంట్లో నీరు తగ్గితే కణంలోనూ తగ్గుతుంది, హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది. ఆ ముప్పయ్యో ఘాతం అప్పుడు ఎదురు తిరుగుతుంది. జ్వరం, విరేచనాలు పట్టుకున్నా అంతే. పలుమార్లు కొడవలిగా మారి మళ్లీ మామూలైన కణం పొర దెబ్బతిని పొటాషియం, నీరు కారిపోతాయి. అలాంటి కణం ఇంకా త్వరగా బిగుస్తుంది. మామూలు ఎర్ర రక్తకణం 120 రోజులు బతికితే, ఇవి పది ఇరవై రోజులకే చచ్చిపోతాయి. రక్తహీనత అలా వస్తుంది.

చలి సంగతి విచిత్రం. నీటిని విడిపించుకోవడం వల్ల జరిగే కూర్పు కాబట్టి ఇది వేడికే బలపడుతుంది. గడ్డకట్టిన సికిల్ హిమోగ్లోబిన్‌ను మంచులో పెడితే కరిగి మళ్లీ ద్రవమవుతుంది. ఆ లెక్కన ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరికి దిగే ఆదిలాబాద్ చలికాలం ఈ రోగులకు మేలు చేయాలి కదా? జరిగేది తలకిందులు, చలిలో నొప్పులు ఎక్కువ. ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది కానీ చర్మం దగ్గర రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం నెమ్మదిస్తుంది. కణం ఆక్సిజన్ లేకుండా గడిపే సమయం పెరుగుతుంది, బీజం పడడానికి కావలసిన వ్యవధి దొరికేస్తుంది.

అడవి ఊళ్లలో చేసే మొదటి పరీక్ష ఈ కూర్పునే కంటికి చూపిస్తుంది. చిన్న గొట్టంలోని ద్రావణంలో ఒక రక్తపు చుక్క వేస్తారు. ఆ ద్రావణం కణాలను పగలగొట్టి, హిమోగ్లోబిన్ నుంచి ఆక్సిజన్ లాగేస్తుంది. గొట్టం వెనక నల్లగీతలున్న కార్డు పెట్టి చూస్తారు. గీతలు స్పష్టంగా కనిపిస్తే సికిల్ లేదు. కనిపించకుండా ద్రావణం మసకబారితే సికిల్ హిమోగ్లోబిన్ కూడుకుందన్నమాట. అయితే ఆ రక్తం క్యారియర్‌దో, జబ్బున్న మనిషిదో ఈ పరీక్ష చెప్పలేదు. దానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ కానీ హెచ్‌పీఎల్‌సీ కానీ చేయాల్సిందే. మసకబారిన గొట్టాన్ని చూసి జబ్బని ముద్ర వేయడం, పెళ్లి సంబంధాలు చెడగొట్టడం ఘోరమైన తప్పు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ తెలంగాణతో సహా 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష ఎంత ముఖ్యమో, తర్వాత ఆ ఇంట్లో కూర్చుని ఓపిగ్గా వివరించే మనిషి అంతే ముఖ్యం. ఆ మనిషికి గోండి వస్తే ఇంకా మంచిది.

చికిత్సలు కూడా ఆలస్యం మీదే పనిచేస్తాయి. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు మనందరికీ వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. అది ఈ పోగుల్లో ఇమడదు, వరుసను తెంపేస్తుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ రకం సికిల్ జన్యువున్న వాళ్లలో ఆ శిశు హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగులుతుంది. అందుకే చాలామందిలో జబ్బు తీవ్రత ఆఫ్రికా రకాలకన్నా తక్కువ. కానీ తక్కువనేది సగటు మాట, తీవ్రంగా బాధపడేవాళ్లు ఇక్కడా ఉన్నారు. హైడ్రాక్సీయూరియా గోలీ శిశు హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది, కణాన్ని కాస్త ఉబ్బించి గాఢత తగ్గిస్తుంది. ఖరీదు తక్కువే, రక్తపరీక్షలు చేయిస్తూ వాడాలి. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు సవరణ చికిత్స కూడా శిశు హిమోగ్లోబిన్‌ను తిరిగి మేల్కొల్పేదే, కాకపోతే దాని ధర ఆదిలాబాద్ ఏజెన్సీలోని ఉట్నూరు మాట అటుంచి హైదరాబాద్‌కే అందనిది. ఆక్సిజన్‌ను హిమోగ్లోబిన్ గట్టిగా పట్టుకునేలా చేసిన వాక్సెలోటర్‌ను 2019లో అమెరికా ఒప్పుకుంది. 2024లో భద్రత మీద అనుమానాలు వచ్చి కంపెనీయే వెనక్కి తీసుకుంది.

ఈటన్ బృందం ఇంకో దారి పట్టింది. ఇప్పటికే వేరే జబ్బులకు తయారైన, లేదా పరీక్షల దాకా వచ్చిన 12 వేలకు పైగా మందులను తీసుకుని, రక్తకణాల నుంచి ఆక్సిజన్ తీసేసి, ఏ మందు వేస్తే కణం కొడవలి కావడానికి ఎక్కువ సేపు పడుతుందో కెమెరాలతో కొలిచింది. 2022లో ఫలితాలు ప్రచురించారు. వందకు పైగా మందులు కణానికి కొంత అదనపు సమయం ఇచ్చాయి. గొట్టంలో పనిచేసిన మోతాదు మనిషి రక్తంలో ప్రమాదం లేకుండా అందుతుందా అన్నది వాటిలో ప్రతి మందూ దాటాల్సిన తర్వాతి గడప.